కాలు జారి

ఫాల్ రివర్‌లో, కౌంటీ కచేరీ నేలమాళిగలో
పాత చావుల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా పని.
గంటకింతని ఇస్తారు.
హీటర్ వాళ్ళది, స్వెట్టర్ నాది.

మెడికల్ ఎగ్జామినర్ ఎలైషా కాబ్ గారి రిజిస్టర్లు
పందొమ్మిది వందల ఇరవై రెండు నుంచి ముప్పై తొమ్మిది దాకా.
అట్టలూడి, వీపున గుడ్డపీలికలు వేలాడుతూ.
ఒకప్పటి పత్తిమిల్లుల ఊరు కదా,
ఆ నూగు ఇంకా కాగితాల్లోనే ఉందేమో
పేజీ తిప్పితే తుమ్మొస్తుంది.

మొదటివారమంతా
కార్డింగ్ యంత్రం లాక్కున్న చేతులు.
పద్నాలుగేళ్ళు. పదహారు. మళ్ళీ పద్నాలుగు.
ఒకటే మిల్లు, మూడో అంతస్తు, సాయంత్రం అయిదు దాటాక.
ఏ చావుకా చావు దురదృష్టమనుకున్నారు అప్పట్లో.
వరసలో పెట్టి చూస్తే
దురదృష్టానికీ ఒక షిఫ్టు ఉంది.

కాబ్ గారి రాత చీమలబారు.
చచ్చినవాడి కళ్ళు చారెడంటారు మనవైపు,
ఈయన దగ్గర అలాంటి మొహమాటాల్లేవు,
కంటిపాప ఎన్ని మిల్లీమీటర్లో అన్నే.
జేబుల్లో దొరికినవీ వదల్లేదు:
సగం చించిన ట్రాలీ టికెట్టు, పిప్పరమెంటు బిళ్ళ,
ఏ ఇంటిదో తేలని తాళంచెవి.
పేజీ అడుగున అచ్చేసిన నాలుగు గళ్ళు,
సహజం, ప్రమాదం, ఆత్మహత్య, హత్య.
ఊళ్ళో ఎవరెలా పోయినా
ఆ నాలుగింట్లో ఒకదాంట్లో సర్దుకోవాల్సిందే.

ఇరవై నాలుగు, మార్చి. పేజీ మూడు వందల పద్దెనిమిది.
డెల్ఫీన్ థిబొడో, ఇరవై ఆరేళ్ళు.
హార్‌గ్రేవ్ వీధి, చెక్క ఇల్లు, పదమూడు మెట్లు.
కాలు జారి పడిందని భర్త చెప్పాడు.
ప్రమాదం.
కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమనేది మా అమ్మమ్మ.
ఈవిడ కాలు తీసుకోలేకపోయింది, పాపం,
అనుకుని
ఎంటర్ నొక్కి టీకి వెళ్ళాను.

ఏడేళ్ళు దాటాక, ఆల్బినా.
ఇంటిపేరు అదే.
ఇంటి నంబరూ అదే.
మెట్లు పదమూడు, మళ్ళీ లెక్కపెట్టి మరీ రాశాడు మహానుభావుడు.
కాలు జారి.

లేచి పాత సంపుటం తెచ్చి పక్కన పరిచాను.
ఎడమ జబ్బ లోపలివైపు వరసగా నాలుగు మరకలు,
వెనక ఒకటి, బొటనవేలంత.
పసుపు తిరిగినవి, కనీసం వారం నాటివి.
ఇద్దరికీ.

మెట్లకి వేళ్ళుండవు.

డెల్ఫీన్ పేజీలో ప్రమాదమని టిక్కు పెట్టిందీ
ఆ మరకల్ని అంగుళాల్లో కొలిచిందీ ఒకటే చెయ్యి.
ఎందుకలా పెట్టాడో నాకు తెలీదు.
భయమో, అలసటో,
ఎదురుగా నుంచున్న మగాడి కన్నీళ్ళో.
కొలత మాత్రం తగ్గించలేదు.

ఆల్బినా పేజీలో నాలుగు గళ్ళూ ఖాళీ.
పక్కన పెన్సిల్‌తో, స్కేలు లేకుండా గీసుకున్న అయిదో గడి.
తేలలేదు, అని.
దాని కింద మార్జిన్లో ఒక అంకె, అంతే:
మూడు వందల పద్దెనిమిది.

ఆ భర్త కోసం ముప్పై తొమ్మిది దాకా వెతికాను.
లేడు.
మంచం మీద నిద్రలో పోయినవాళ్ళు
ఈ రిజిస్టర్లకి రారు.

మా సాఫ్ట్‌వేర్‌లో మార్జిన్‌కి గడి లేదు.
అచ్చులో ఉన్నదే కొట్టమని సూపర్‌వైజర్ ఫుర్టాడో రూలు.
వ్యాఖ్యలు అన్నచోట కొట్టాను:
పేజీ మూడు వందల పద్దెనిమిది కూడా చూడండి.
ఎవరు చూస్తారో.
తొంభై ఏళ్ళు నిలబడే ఉందా అంకె.

ఇవాళ్టి లెక్క నూట ఇరవై చావులు.
నలభై ఒకటి దగ్గర ఆగిపోయాను.
జీతంలో కోస్తారు.
కోయనీ.